చుక్కకు అటూ ఇటూ: దశాంశాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒక్క చుక్క చుట్టూనే తిరిగాయి. అడిగినవాళ్ళలో తల్లిదండ్రులున్నారు, బడిపిల్లలున్నారు, ఉపాధ్యాయులున్నారు, ఒక నర్సు, ఒక ప్రోగ్రామరు కూడా ఉన్నారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. విడివిడిగా కనిపించినా చాలావాటికి వేరు ఒకటే: చుక్కకు కుడివైపున్న అంకెలను ఇంకో మామూలు సంఖ్యలా చదవడం.

మా అబ్బాయి ఐదో తరగతి. 0.4, 0.35లలో ఏది పెద్దదంటే 0.35 అనేవాడు. తప్పని చెప్పి సరిదిద్దాను. ఇప్పుడేమో 0.45 కంటే 0.3 పెద్దదంటున్నాడు. వాడికి ఏది అర్థం కాలేదో నాకు అర్థం కావడం లేదు. (ఒక తల్లి)

మీ అబ్బాయి నోటికొచ్చింది చెప్పడం లేదండీ. ఒక నియమం వదిలేసి ఇంకో నియమం పట్టుకున్నాడు. రెండూ తప్పే, కానీ రెండింటికీ వాడి దగ్గర కారణం ఉంది.

మొదటి నియమం ‘పొడుగు సంఖ్యే పెద్దది’. చుక్క పక్కన 35, 4 కనిపిస్తే 35 పెద్దది కదా అనుకుంటాడు. ఇన్నేళ్ళూ మామూలు సంఖ్యలతో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు మరి. రెండో నియమం ‘పొట్టి సంఖ్యే పెద్దది’. పదో వంతు కంటే వందో వంతు చిన్నదని మీరు చెప్పిన మాట వాడు బాగానే విన్నాడు. దాన్ని సాగదీసి, వందో వంతుల దాకా వెళ్ళిన సంఖ్య ఏదైనా చిన్నదే అని తేల్చేశాడు. ముక్క సైజు పట్టుకున్నాడు, ముక్కలెన్నో చూడటం మానేశాడు.

ఏ పిల్లవాడు ఏ నియమంతో నడుస్తున్నాడో తెలుసుకోవడానికి ఐదు జతలు చాలు. ఒక కాగితం మీద రాసి, ప్రతి జతలో పెద్దదానికి సున్నా చుట్టమనండి. రెండూ సమానమైతే సమానమని రాయమనండి. మధ్యలో ఒప్పూ తప్పూ చెప్పకండి.

0.4, 0.35
0.3, 0.45
0.8, 0.06
2.7, 2.70
0.52, 0.5238

పొడుగు నియమం వాడే పిల్లవాడు మొదటి జతలో దొరికిపోతాడు, రెండో జత సరిగ్గా చెబుతాడు, నాలుగో జతలో 2.70 పెద్దదంటాడు. పొట్టి నియమం వాడేవాడు మొదటిది సరిగ్గా చెప్పి రెండో జతలోనూ ఐదో జతలోనూ దొరుకుతాడు. నాలుగో జతలో 2.7 వైపు మొగ్గుతాడు. మూడో జతను చూడండి. ఇద్దరూ 0.8 అనే చెబుతారు (పొడుగు నియమం వాడేవాడు 06ను ఉత్తి 6గా చదువుతాడు), ఇద్దరిదీ సరైన జవాబే, ఇద్దరికీ అర్థమైంది మాత్రం ఏమీ లేదు. పరీక్షల్లో ఇలాంటి జతలే ఎక్కువ ఉంటే మార్కులు బాగానే వస్తాయి, పొరపాటు మాత్రం పై తరగతికి కూడా వాడితోనే వెళుతుంది. 0.35, 0.72, 0.18 లాంటి సంఖ్యలను ఆరోహణ క్రమంలో రాయమనడమూ అంతే. చుక్కను వేలితో మూసేసినా ఆ లెక్క చేసేయొచ్చు.

ఇంకో రకం పిల్లలూ ఉంటారు. మొదటి నాలుగూ సరిగ్గా చెప్పి, ఐదో జత సమానం అంటారు. వాళ్ళకు రెండు స్థానాల తర్వాత ఉన్నదంతా లెక్కలోకి రాదు. దశాంశాలను డబ్బు లెక్కలతోనే నేర్చుకున్నవారిలో ఇది ఎక్కువ, ఎందుకంటే రూపాయలు, పైసల లెక్కలో మూడో స్థానం మామూలుగా కనిపించదు.

ఇప్పుడు మందు. మిల్లీమీటర్ల గళ్ళున్న గ్రాఫ్ కాగితం మీద 10 సెం.మీ. భుజంతో ఒక చతురస్రం గీయండి. ఆ మొత్తం చతురస్రం విలువ 1. అందులో 1 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు ఉన్న నిలువు పట్టీ పదో వంతు. ఒక సెంటీమీటరు గడి వందో వంతు. ఆ గడిలో 1 మి.మీ. వెడల్పున్న సన్నటి గీత వెయ్యో వంతు. ఒక్క మిల్లీమీటరు గడి పదివేలో వంతు. నాలుగు దశాంశ స్థానాలు ఒక్క కాగితం మీద కంటికి కనిపిస్తాయి.

0.4కు నాలుగు పట్టీలకు రంగు వేయించండి. పక్కనే ఇంకో చతురస్రంలో 0.35కు మూడు పట్టీలు, ఐదు గడులు. తర్వాత 0.39 వేయించండి, ఆ తర్వాత 0.399. ఎన్ని గడులు, గీతలు చేర్చినా నాలుగో పట్టీ నిండదు. తొమ్మిది వందో వంతులు, వాటి మీద తొమ్మిది వెయ్యో వంతులు, ఇంకా తొమ్మిది పదివేలో వంతులు కలిపినా ఒక్క పదో వంతుకు ఆవగింజంత తక్కువే ఉంటుంది. అందుకే పోల్చేటప్పుడు ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, మొదట ఎక్కడ తేడా వస్తే అక్కడే తీర్పు చెప్పేయొచ్చు. కుడివైపు ఏముందో చూడనక్కర్లేదు. ఈ మాట వాడి నోట వచ్చేదాకా రంగులు వేయించడం ఆపకండి.

చాలామంది చెప్పే చిట్కా ఇంకోటుంది: 0.4 పక్కన సున్నా పెట్టి 0.40 చేసి 40ని, 35ని పోల్చడం. జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ చుక్క తర్వాత ఉన్నది ఒక మామూలు సంఖ్యేనన్న పాత భ్రమను అది ఇంకా గట్టిచేస్తుంది. గ్రాఫ్ కాగితం పని అయ్యాక, నాలుగు పట్టీలంటే నలభై గడులేనని వాడికి తెలిశాక ఆ చిట్కా చెప్పండి. అప్పుడది హాని చేయదు.

పదులకు జత పదో వంతులు, వందలకు జత వందో వంతులు. ఒకట్లకు జత ఏది? చుక్కకు కుడిపక్కన మొదటి స్థానం ‘ఒకటో వంతు’ ఎందుకు కాలేదు? (ఆరో తరగతి విద్యార్థిని)

చాలామంది పెద్దలకు తట్టని ప్రశ్న ఇది. అద్దాన్ని చుక్క దగ్గర పెట్టావు కాబట్టి జత దొరకలేదమ్మా. అద్దం ఒకట్ల మీద పెట్టు. ఒకట్లకు ఎడమన ఒక అడుగు దూరంలో పదులు, కుడిన ఒక అడుగు దూరంలో పదో వంతులు. రెండడుగుల దూరంలో వందలు, వందో వంతులు. ఇప్పుడు అన్నీ జత కుదిరాయి. ఒకదాన్ని ఒక్క భాగమే చేస్తే వచ్చేది ఆ ఒకటే కనుక ఒకటో వంతుకు వేరే ఇల్లు అక్కర్లేదు.

మొత్తం వ్యవస్థకు నడుమ ఉన్నది చుక్క కాదు, ఒకట్ల స్థానం. చుక్క చేసే పని ఒక్కటే: ‘నాకు ఎడమపక్కన ఆనుకుని ఉన్న అంకే ఒకట్లు’ అని చూపించడం. 47.382లో ఒకట్లు 7. అక్కణ్ణుంచి కుడివైపు ఒక్కో అడుగుకూ విలువ పదో వంతుకు పడిపోతుంది: 40 + 7 + 0.3 + 0.08 + 0.002. ఇందులో 8 ముఖ విలువ 8, స్థాన విలువ 0.08, అంటే 8 వందో వంతులు.

పుస్తకాల్లో వీటినే దశాంశాలు, శతాంశాలు, సహస్రాంశాలు అంటారు. ఇక్కడో చిక్కుంది. ‘దశాంశం’ అంటే పదో వంతు. మొత్తం సంఖ్యనూ ‘దశాంశ సంఖ్య’ అంటాం. ఒకే మాట రెండు చోట్ల వినిపించేసరికి పిల్లలు తికమకపడతారు. ఈ శీర్షికలో పదో వంతు, వందో వంతు అనే వాడుతున్నాం.

‘10తో గుణిస్తే సున్నా చేర్చు’ అని కింది తరగతుల్లో నేర్చుకుని వచ్చిన పిల్లలు 2.5 × 10 = 2.50 అని రాస్తున్నారు. చుక్కను జరపమని చెబితే ఎటు జరపాలో మర్చిపోతున్నారు. ఎలా చెప్పాలి? (ఉపాధ్యాయుడు)

రెండు నియమాలనూ పక్కన పెట్టండి సార్. చుక్క జరగదు. అది ఒకట్లకు కాపలా, దాని చోటు మారదు. 10తో గుణించినప్పుడు ప్రతి అంకె విలువా పదిరెట్లవుతుంది కాబట్టి ప్రతి అంకె ఒక గది ఎడమకు వెళుతుంది. అంతే జరిగేది.

దీన్ని చూపించడానికి ఒక జారుడు పట్టీ చేయండి. 16 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. ఎత్తున్న అట్టముక్కను 2 సెం.మీ. చొప్పున ఎనిమిది నిలువు గదులుగా గీయండి. ఎడమ నుంచి వేలు, వందలు, పదులు, ఒకట్లు, పదో వంతులు, వందో వంతులు, వెయ్యో వంతులు, పదివేలో వంతులు అని పైన రాయండి. ఒకట్లకు, పదో వంతులకు నడుమ, అంటే ఎడమ అంచుకు సరిగ్గా 8 సెం.మీ. దూరంలో ఎర్ర గీత. అట్ట రెండు చివర్లా, అంచుకు అర సెంటీమీటరు లోపల, 2.2 సెం.మీ. ఎత్తున్న నిలువు గాట్లు పెట్టండి. 2 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవున్న కాగితం పట్టీని ఒక గాటులోంచి పైకి తీసి రెండో గాటులోకి దూర్చండి. పట్టీ మీద కూడా 2 సెం.మీ. గదులు గీసి మధ్యలో 2, 5 అంకెలు రాయండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. చుక్కను గదుల మధ్యలో వేస్తే పట్టీ దాన్ని కప్పేస్తుంది, పట్టీ మీద వేస్తే అంకెలతోపాటు అదీ జరుగుతుంది. రెండోది జరిగితే మొత్తం పాఠమే తలకిందులు. అందుకే పట్టీ వెళ్ళే దారికి కాస్త కింద, ఎర్ర గీత మీద చుక్క పెట్టండి.

2ను ఒకట్లలో, 5ను పదో వంతుల్లో ఉంచి మొదలుపెట్టండి. 10తో గుణించమంటే పట్టీని ఒక గది ఎడమకు లాగుతారు: 25. 100తో అంటే రెండు గదులు: 2 వందల్లో, 5 పదుల్లో, ఒకట్ల గది ఖాళీ. ఖాళీ గదిలో సున్నా వేయకపోతే 25 అని చదవాల్సి వస్తుంది కనుక 250. పాత ‘సున్నా చేర్చు’ నియమం ఎక్కణ్ణుంచి పుట్టిందో అక్కడ కనిపిస్తుంది: సున్నా గుణకారం వల్ల రాలేదు, ఖాళీ అయిన గదిని నింపడానికి వచ్చింది. అలాగే 2.5 ÷ 100 అంటే రెండు గదులు కుడికి: 2 వందో వంతుల్లో, 5 వెయ్యో వంతుల్లో. ఒకట్లు, పదో వంతులు ఖాళీ. రెండు సున్నాలు వేస్తే 0.025. ఈ సున్నా మర్చిపోయి 0.25 రాసే పిల్లలకు పట్టీ మీదే ఖాళీ గది చూపించండి, మాటలతో పని లేదు.

చుక్కను జరపడం చెయ్యి తిరిగినవాళ్ళకు పనికొచ్చే అడ్డదారి. ఏడో తరగతిలో నేర్పినా నష్టం లేదు.

12.35ను ‘పన్నెండు పాయింట్ ముప్పై ఐదు’ అంటే తప్పేమిటి? అందరూ అలాగే అంటున్నారు కదా. (ఒక పాఠకుడు)

వినేవాళ్ళకు అర్థమవుతుంది, నేర్చుకునేవాళ్ళకు చెడుపు చేస్తుంది. ముప్పై ఐదు అన్న మాటలోనే మూడు పదులున్నాయి. చుక్క తర్వాత ఉన్నవి మూడు పదో వంతులు, పదులు కావు. 3.12ను ‘మూడు పాయింట్ పన్నెండు’ అని, 3.9ను ‘మూడు పాయింట్ తొమ్మిది’ అని చదివితే పన్నెండే పెద్దదిగా వినిపిస్తుంది. ‘మూడు పాయింట్ ఒకటి రెండు’ అంటే ఆ మాయ ఉండదు. ‘ముప్పై ఐదు వందో వంతులు’ అనడం మాత్రం ఒప్పే, ఎందుకంటే ముక్క పేరు కూడా చెబుతున్నారు.

నిజానికి చుక్క కనిపించిన ప్రతిచోటా దశాంశం ఉండదు. క్రికెట్‌లో 19.4 ఓవర్లంటే 19 ఓవర్ల నాలుగు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి అసలు విలువ 19 ఓవర్లు, ఇంకో ఓవర్‌లో ఆరింట నాలుగు వంతులు, అంటే సుమారు 19.667. ఆ ఓవర్లలో 200 పరుగులు చేస్తే రన్‌రేటు 10.17. స్కోరుబోర్డు మీది 19.4తోనే భాగిస్తే 10.31 వస్తుంది, అది తప్పు. 19.5 తర్వాత 19.6 రాదు, 20 వస్తుంది.

గంటల సంగతీ ఇంతే. 2.15 గంటలంటే రెంటుంబావు కాదు. 0.15ను 60తో గుణిస్తే 9. రెండు గంటల తొమ్మిది నిమిషాలు. రెంటుంబావు రాయాలంటే 2.25. హాజరు పట్టికల్లో 8.30 అని రాసి దాన్ని నేరుగా గంటల జీతంతో గుణించేవాళ్ళు ఇక్కడే అరగంటలో పన్నెండు నిమిషాలు పోగొట్టుకుంటారు. ఎనిమిదిన్నర గంటలంటే 8.5. ఇక సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో 3.9 తర్వాత 3.10 రావడం మామూలే, పుస్తకంలో విభాగాల సంఖ్యలూ అలాగే ఉంటాయి. అక్కడి చుక్క విడదీసే గుర్తు మాత్రమే.

0.5, 0.50, .5, 5.0 ఇవన్నీ ఆస్పత్రి రికార్డుల్లో చూస్తుంటాను. విలువ మారనప్పుడు ఎలా రాసినా ఒకటే కదా? (నర్సు)

లెక్కలో 0.5, 0.50, .5 మూడూ ఒకటే. మందు మోతాదులో ఒకటి కాదు. .5 మి.గ్రా. అని రాస్తే చుక్క చెరిగిపోయినా, గీత మీద పడి కనిపించకపోయినా 5 మి.గ్రా. అవుతుంది, అంటే పదిరెట్లు. 5.0 మి.గ్రా. అని రాస్తే అదే కారణంతో 50 అవుతుంది. అందుకే మందుల భద్రత నియమాలు రెండు మాటలు చెబుతాయి: ఒకటి కంటే తక్కువ మోతాదుకు చుక్క ముందు సున్నా తప్పనిసరి, పూర్ణసంఖ్య మోతాదుకు చుక్కా సున్నా రెండూ కూడదు. 0.5 అని రాయాలి, 5 అని రాయాలి.

పరీక్ష ఫలితాల్లో, కొలతల్లో చివరి సున్నాకు వేరే అర్థం ఉంది, అక్కడ దాన్ని తీసేయకూడదు. పొడవు 2.5 సెం.మీ. అన్నారంటే అసలు పొడవు 2.45కు 2.55కు మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2.50 అన్నారంటే 2.495కు 2.505కు మధ్య ఉంది. విలువ అదే, కొలిచిన పనితనం పదిరెట్లు ఎక్కువ. మామూలు మిల్లీమీటర్ల స్కేలుతో కొలిచి 2.500 అని రాస్తే మాత్రం అది చేయని పనికి డప్పు కొట్టుకోవడమే.

నడుమ ఉన్న సున్నా జోలికి మాత్రం ఎక్కడా వెళ్ళకూడదు. 0.05, 0.5 వేరు, 3.07, 3.7 వేరు.

కూడికలో చుక్క కింద చుక్క రావాలన్నారు. గుణకారంలో అక్కర్లేదన్నారు. భాగహారంలో ఇంకేదో అన్నారు. మూడింటికీ మూడు నియమాలు గుర్తుపెట్టుకోలేకపోతున్నాం. (ముగ్గురు విద్యార్థులు)

నియమాలు మూడు కావచ్చు, కారణం ఒకటే. కూడికలోనూ తీసివేతలోనూ పదో వంతులను పదో వంతులతోనే కలపాలి. చుక్క కింద చుక్క పెట్టేది అందుకే. 5 − 2.38 చేసేటప్పుడు ఎక్కువగా వచ్చే తప్పు జవాబు 3.38: 5లోంచి 2 తీసేసి, 38ని అలాగే దించేయడం. 5ను 5.00 అని రాయండి. అరువు రెండు గదులు దాటి రావాలి: 5 ఒకట్లు అంటే 4 ఒకట్లు, 9 పదో వంతులు, 10 వందో వంతులు. 10లోంచి 8, 9లోంచి 3, 4లోంచి 2. జవాబు 2.62.

గుణకారంలో ముక్కల సైజే మారిపోతుంది. గ్రాఫ్ కాగితం మీద పట్టీలో పదో వంతు తీస్తే గడి వచ్చింది కదా: పదో వంతులో పదో వంతు వందో వంతు. కాబట్టి 0.3 × 0.2 అంటే 6 వందో వంతులు, 0.06. దీన్ని 0.6 అని రాసేవాళ్ళు చుక్క కింద చుక్క పెట్టి, దాన్ని అలాగే కిందికి దించినవాళ్ళే. స్థానాలు లెక్కపెట్టే పద్ధతిలో దాగున్న గోతి ఇంకోటుంది: 0.5 × 0.4. ఐదు నాలుగులు 20, రెండు స్థానాలు, కనుక 0.20. కొందరు 20లోని సున్నాను ముందే కొట్టేసి 2కు రెండు స్థానాలు లెక్కపెట్టి 0.02 అంటారు. చుక్క పెట్టాకే సున్నా కొట్టేయాలి. లెక్క మొదలుపెట్టేముందు ఉజ్జాయింపు వేసుకుంటే ఇలాంటివి అక్కడికక్కడే దొరుకుతాయి. 4.8 × 0.52 అంటే దాదాపు 5లో సగం; 48 × 52 = 2496 కాబట్టి జవాబు 2.496 అయి తీరాలి, 24.96 కాదు.

భాగహారంలో ‘ఇందులో అవి ఎన్ని ఉన్నాయి’ అని అడగండి. 7.2 ÷ 0.08 అంటే 7.2లో ఎన్ని 8 వందో వంతులున్నాయని. 7.2 అంటే 720 వందో వంతులు. 720లో ఎనిమిదులు 90. భాజ్యాన్నీ భాజకాన్నీ 100తో గుణించడమంటే రెండింటినీ ఒకే సైజు ముక్కల్లో చెప్పుకోవడమే. ఒకదాన్నే గుణిస్తే లెక్క చెడుతుంది. భాగిస్తే జవాబు పెరగడమేమిటని కంగారు పడకండి. చిన్న ముక్కలతో కొలిస్తే ఎక్కువ ముక్కలు పడతాయి.

6.12 ÷ 6కు 1.2 అని రాసినవాళ్ళ సంగతి: 1 పదో వంతులో 6 పోదు, ఆ గదిలో సున్నా వేయాలి. జవాబు 1.02.

నాలుగో వంతు 0.25తో ఆగిపోతుంది, మూడో వంతు 0.333... అని ఆగదు. ఏది ఆగుతుందో ముందే చెప్పగలమా? (తొమ్మిదో తరగతి విద్యార్థి)

చెప్పొచ్చు. ముందు భిన్నాన్ని సూక్ష్మరూపానికి తేవాలి, తర్వాత హారాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. 2, 5 తప్ప ఇంకేమీ లేకపోతే ఆగుతుంది. మన స్థానాలన్నీ 10, 100, 1000 మీద నిలబడ్డాయి, వాటిలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేదు. 3ను ఎన్నిసార్లు దేనితో గుణించినా 1000 గానీ పదిలక్షలు గానీ రావు కనుక మూడో వంతు ఏ స్థానంలోనూ సరిగ్గా కూర్చోదు.

ఎన్ని స్థానాలకు ఆగుతుందో కూడా తెలుస్తుంది: 2లు, 5లలో ఏవి ఎక్కువసార్లు వస్తే అన్ని. 3/16లో 16 అంటే నాలుగు 2లు, కాబట్టి నాలుగు స్థానాలు: 0.1875. 7/40లో 40 అంటే మూడు 2లు, ఒక 5. మూడు స్థానాలు: 0.175. సూక్ష్మరూపం మర్చిపోకండి, 6/15లో 15ను చూసి ఆగదనుకుంటారు, కానీ అది 2/5, అంటే 0.4.

కంప్యూటర్‌లో 0.1 + 0.2 వేస్తే 0.30000000000000004 వచ్చింది. యంత్రానికి కూడా దశాంశాలు రావా? (ప్రోగ్రామర్)

దానికి వచ్చింది రెండు మీద నిలబడిన స్థానాల లెక్క. చుక్క తర్వాత దానికున్నవి సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. పై జవాబును ఇక్కడికి తెచ్చుకోండి: అక్కడ హారంలో 2 తప్ప ఇంకేమీ ఉండకూడదు. పదో వంతు హారంలో 5 ఉంది. మనకు మూడో వంతు ఎలాగో దానికి పదో వంతు అలాగ, 0.000110011... అని ఆగకుండా సాగుతుంది. ఎక్కడో ఒకచోట కత్తిరించి దాచుకుంటుంది, ఆ కత్తిరింపే మీకు చివర 4గా కనిపించింది. 0.5, 0.25, 0.75 సరిగ్గా కూర్చుంటాయి. వాటితో ఈ తేడా రాదు.

పనిలో పాటించాల్సినవి రెండు. ఇలాంటి విలువలు సమానమా అని నేరుగా అడక్కండి, తేడా మీరు అనుకున్న చిన్న హద్దులో ఉందా అని అడగండి. డబ్బు లెక్కలైతే అతిచిన్న ప్రమాణంలో పూర్ణసంఖ్యలుగా దాచండి, లేదా మీ భాషలో దశాంశాల కోసం విడిగా ఉన్న రకాన్ని వాడండి. తెర మీద రెండు స్థానాలకే చూపించడం మందు కాదు, లోపలి విలువ అలాగే ఉంటుంది.

2.3446ను రెండు దశాంశ స్థానాలకు సవరిస్తే 2.34 అని పుస్తకం, 2.35 అని మా అమ్మాయి. (ఒక తండ్రి)

పుస్తకానిదే ఒప్పు. అమ్మాయి ముందు 2.345 చేసి, దాన్ని మళ్ళీ సవరించి ఉంటుంది. సవరణ ఒక్కసారే, అసలు సంఖ్య మీదే చేయాలి. రెండో స్థానం తర్వాత ఉన్నది 4, కనుక 2.34. పనిలో పనిగా 3.997 ఇచ్చి చూడండి. జవాబు 4.00. ఉత్తి 4 అని రాస్తే రెండు స్థానాలకు సవరించినట్టు తెలియదు.

కొన్ని దేశాల పుస్తకాల్లో చుక్కకు బదులు కామా చూశాం. ఎవరు కనిపెట్టారు ఈ చుక్కను? (పాఠకులు)

సున్నాతో కూడిన స్థాన విలువ మన దేశంలోనే రూపుదిద్దుకుంది. సున్నాతో కూడిక, తీసివేత, గుణకారాల నియమాలను బ్రహ్మగుప్తుడు 628లో రాశాడు. దాన్ని ఒకట్లకు కుడివైపు పొడిగించడానికి మాత్రం చాలాకాలం పట్టింది. పదో శతాబ్దంలో డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసి, పదిహేనో శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ దశాంశ భిన్నాలతో లెక్కలు చేశారు. యూరప్‌లో వీటిని జనంలోకి తెచ్చినవాడు సైమన్ స్టెవిన్, 1585లో. ఆయన చుక్క పెట్టలేదు. ఒకట్ల పక్కన సున్నాకు చుట్టు చుట్టి, పదో వంతుల పక్కన 1కి, వందో వంతుల పక్కన 2కు చుట్టు చుట్టి రాశాడు. ఆరో తరగతి అమ్మాయికి చెప్పిన అద్దం గుర్తుందా? ఒకట్ల నుంచి ఎన్నడుగుల దూరమో ప్రతి అంకె పక్కనా రాసుకున్నాడన్నమాట. రాయడానికి బరువైన పద్ధతే, కానీ అర్థం మాత్రం చుక్క కంటే స్పష్టం. పదిహేడో శతాబ్దం మొదట్లో జాన్ నేపియర్ రచనలతో చుక్క బాగా వాడుకలోకి వచ్చింది.

చుక్క, కామా రెండూ నేటికీ చెల్లుతాయి. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో రెండింటినీ ఒప్పుకుంది. పెద్ద సంఖ్యలను మూడేసి అంకెలుగా విడదీయాలంటే ఖాళీ వదలాలే తప్ప చుక్కా కామా వాడకూడదంది. జర్మన్ పుస్తకంలో 1,250 కనిపిస్తే అది వెయ్యీ రెండువందల యాభై కాదు, ఒకటింబావు.

0.8, 0.9 తర్వాత మా పాప 0.10 అని రాసింది. (ఒక అమ్మమ్మ)

ఎనిమిది, తొమ్మిది, పది అని ఎంచిందండీ. పది పదో వంతులు కలిస్తే ఒకటి పూర్తయి, ఒకట్ల గదిలోకి వెళ్ళిపోతుందని తనకింకా తెలియదు. 0.10 అంటే ఒక్క పదో వంతే, 0.9 నుంచి వెనక్కి ఎనిమిది అడుగులు.

క్యాలిక్యులేటర్ ఇచ్చి 0.1 చొప్పున కూడుతూ పొమ్మనండి. ప్రతిసారీ మీట నొక్కేముందు ఏం వస్తుందో పైకి చెప్పాలి. 0.9 దగ్గర 1 అని చూసి ఆశ్చర్యపోతుంది, పోనివ్వండి. తర్వాత 0.97 నుంచి 0.01 చొప్పున కూడమనండి. 0.99 దాటాక ఏం చెబుతుందో వినండి. ఆ పైన అడగాల్సిన ప్రశ్న: 0.8కి, 0.9కి మధ్య ఏమైనా ఉందా? ఏమీ లేదంటే గ్రాఫ్ కాగితం తీసి ఎనిమిది పట్టీలకు రంగు వేయించండి, తొమ్మిదో పట్టీలో ఒక్కో గడీ నింపమనండి. 0.81, 0.82 అని తనే చెబుతుంది. 0.81కి, 0.82కి మధ్య ఏముందని అడిగితే ఈసారి తనే మిల్లీమీటరు గీతలు వెతుక్కుంటుంది.